స్టాన్లీ కప్ గెలిచే జట్టు ఎలా తయారవుతుంది? డ్రాఫ్టా, ట్రేడా, డబ్బా?

ఫ్రిస్కో శ్రీను

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్ల ఐస్ హాకీ లీగ్, దాని విజేతకిచ్చేదే స్టాన్లీ కప్) చూసేవాళ్ళు బాగానే ఉన్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మా డాలస్ స్టార్స్ 2023, 2024, 2025లో వరుసగా వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ (అంటే సెమీఫైనల్) దాకా వెళ్ళి మూడుసార్లూ అక్కడే ఆగిపోయింది. మొదట వేగస్ చేతిలో, తర్వాత రెండుసార్లు ఎడ్మంటన్ చేతిలో. 2020లో ఫైనల్‌కే వెళ్ళి టాంపా చేతిలో ఓడాం.

డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, మావాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఒక్క 2017 డ్రాఫ్ట్‌లోనే మూడో ఎంపికగా మీరో హైస్కనెన్, 26వ ఎంపికగా గోలీ జేక్ ఆటింజర్, 39వ ఎంపికగా జేసన్ రాబర్ట్‌సన్ దొరికారు. డిఫెన్స్‌లో మొదటివాడు, గోల్‌లో మొదటివాడు, సీజన్‌కి 40 దాటి గోల్స్ కొట్టగల వింగర్, ముగ్గురూ ఒకే డ్రాఫ్ట్‌లో! 2025 మార్చిలో మికో రాంటనెన్‌ని కూడా తెచ్చారు. అయినా కప్పు లేదు.

1999 తర్వాత డాలస్‌కి కప్పు రాలేదు. గెలిచిన జట్లకీ మాకూ తేడా ఎక్కడుంది? ఒక్కొక్క జట్టునీ పక్కన పెట్టి చూద్దాం.

వరంగల్ కుర్రాడు

అన్నా, నేను ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. మాకిక్కడ హాకీ అంటే గడ్డి మీద ఆడేదే. ఎన్‌హెచ్‌ఎల్‌లో డబ్బున్న ఓనర్ అందరినీ కొనేయొచ్చు కదా, మరి డ్రాఫ్ట్ గురించి ఇంత చర్చ ఎందుకు?

క్యాప్ లెక్కలు

తమ్ముడూ, కొనలేరు. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో పోయింది. ఆ గొడవ తీరాక వచ్చిందే శాలరీ క్యాప్. 2005-06లో జట్టుకి 39 మిలియన్ డాలర్లు, 2025-26లో 95.5 మిలియన్లు. ఓనర్ ఎంత ధనవంతుడైనా అంతకు మించి ఖర్చుపెట్టకూడదు.

ఐపీఎల్‌లోనూ పర్సు ఉంటుంది కానీ అక్కడ మూడేళ్ళకోసారి మెగా వేలంలో దాదాపు అన్నీ మొదటికొస్తాయి. ఇక్కడ ఒక ఆటగాడితో ఎనిమిదేళ్ళ ఒప్పందం రాసుకుంటే ఎనిమిదేళ్ళూ మోయాలి. వాడి ఆట పడిపోయినా, మోకాలు పోయినా సరే. మ్యాచ్‌కి 20 మంది దిగుతారు: 12 మంది ఫార్వర్డ్స్, ఆరుగురు డిఫెన్స్, ఇద్దరు గోలీలు. కప్పు గెలవాలంటే ప్లేఆఫ్స్‌లో నాలుగు రౌండ్లు, మొత్తం 16 విజయాలు. అన్ని రోజులు ఇద్దరు స్టార్లు మాత్రమే లాగలేరు.

డ్రాఫ్ట్ ఎందుకు ముఖ్యమంటే, కుర్రాడికి మొదటి మూడేళ్ళ ఒప్పందంలో జీతం తక్కువ. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు హక్కులు జట్టువే. మార్కెట్ ధర కట్టకుండా మంచి ఆటగాడు దొరికేది ఎక్కువగా అక్కడే.

టాంపా రాజు

శ్రీను గారూ, 2020 ఫైనల్ ప్రస్తావన మీరే తెచ్చారు కాబట్టి మా లైట్నింగ్ సంగతి నేను చెప్తాను.

స్టామ్‌కోస్ 2008లో మొదటి ఎంపిక, హెడ్‌మన్ 2009లో రెండో ఎంపిక. వీళ్ళను ఎవరైనా తీసుకుంటారు. మా స్కౌట్ల పనితనం తర్వాతి పేర్లలో ఉంది. కుచెరోవ్ 58వ ఎంపిక, బ్రేడన్ పాయింట్ 79వ ఎంపిక, ఒండ్రే పలాట్ ఏడో రౌండ్‌లో 208వ ఎంపిక. యాని గోర్డ్‌ని అసలు ఎవరూ డ్రాఫ్టే చేయలేదు.

ఇంతమంది ఉండి 2018-19లో 62 మ్యాచ్‌లు గెలిచాం. మొదటి రౌండ్‌లోనే కొలంబస్ మమ్మల్ని 4-0తో ఇంటికి పంపింది. అప్పుడు జట్టును విడగొట్టాలని ఎంత గోల చేశారో! జనరల్ మేనేజర్ జూలియన్ బ్రీజ్‌బ్వా ఆ పని చేయలేదు. 2020 ఫిబ్రవరిలో బ్లేక్ కోల్‌మన్ కోసం ఒక మొదటి రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే హక్కు), దాంతోపాటు ఒక మంచి కుర్రాడిని ఇచ్చాడు. బార్క్లే గుడ్‌రో కోసం ఇంకో మొదటి రౌండ్ పిక్. మూడో లైన్ (ఫార్వర్డ్స్ ముగ్గురేసి లైన్లుగా దిగుతారు) వాళ్ళ కోసం అంత ధరా అని అందరూ ఆశ్చర్యపోయారు.

కానీ కోల్‌మన్ జీతం 1.8 మిలియన్లు, గుడ్‌రోది మిలియన్ కంటే తక్కువ. ఇద్దరి ఒప్పందాల్లోనూ ఇంకో సీజన్ మిగిలి ఉంది. అంటే ఆ పిక్స్‌తో మేం కొన్నది రెండు ప్లేఆఫ్స్. గోర్డ్, కోల్‌మన్, గుడ్‌రో లైన్ అవతలి జట్టు స్టార్లకి ఎదురుగా దిగి వాళ్ళను పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ళ) ముట్టనిచ్చేది కాదు. 2020, 2021 రెండు కప్పులూ వచ్చాయి. 2021 వేసవిలో ముగ్గురూ వెళ్ళిపోయారు. ఆ లైన్‌కి సరిసమానమైన లైన్ మళ్ళీ కట్టలేకపోయాం. 2022 ఫైనల్లో కొలరాడో చేతిలో ఓడాం.

కాబట్టి నా లెక్కలో కప్పు తెచ్చేది మూడో లైన్.

ఎడ్మంటన్ ప్రసాద్

రాజు గారి మాటకి నేను సాక్ష్యం చెప్తాను, ఓడిన పక్షం నుంచి.

మా ఆయిలర్స్‌కి 2010, 2011, 2012, 2015లో మొదటి ఎంపికలు వచ్చాయి. ఆరు డ్రాఫ్ట్‌లలో నాలుగు! హాల్, న్యూజెంట్-హాప్కిన్స్, యాకుపోవ్, ఆఖరికి మెక్‌డేవిడ్. 2014లో మూడో ఎంపికగా డ్రైసైటల్. ప్రపంచంలోనే మొదటి ఇద్దరు ఆటగాళ్ళు మా దగ్గరే ఉన్నారని నేను నమ్ముతాను. 2024 ఫైనల్లో మూడు మ్యాచ్‌లు ఓడి, మూడు గెలిచి, ఏడో మ్యాచ్ 2-1తో పోగొట్టుకున్నాం. ఓడిపోయిన జట్టువాడైనా ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ మెక్‌డేవిడ్‌కే ఇచ్చారు. 2025లో మళ్ళీ అదే ఫ్లోరిడా చేతిలో ఆరు మ్యాచ్‌లలో ఓడాం.

లోటు ఎక్కడంటే పక్కన ఉండాల్సినవాళ్ళలో. డార్నెల్ నర్స్‌కి 9.25 మిలియన్లు. గోలీ జాక్ క్యాంప్‌బెల్‌కి ఐదేళ్ళు, ఏడాదికి 5 మిలియన్లు రాసి, రెండేళ్ళకే డబ్బిచ్చి పంపించేశారు. ఆ బరువు క్యాప్ మీద ఉండగానే 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ వాళ్ళు మా కుర్రాళ్ళు బ్రోబెర్గ్, హాలొవే ఇద్దరికీ ఒకేరోజు ఆఫర్ షీట్లు (వేరే జట్టు కుర్రాడికి ఇవ్వజూపే ఒప్పందం; పాత జట్టు అంతే ఇవ్వాలి, లేదా వదులుకోవాలి) పంపారు. సరితూగే డబ్బు లేక ఇద్దరినీ వదిలేశాం. హాలొవే ఆ సీజన్‌లోనే అక్కడ 26 గోల్స్ కొట్టాడు. చవగ్గా దొరికి, వయసులో ఉండి, వేగంగా ఆడే వింగర్. మాకు కావాల్సింది అచ్చంగా అలాంటివాడే. ఇప్పటికీ కడుపు మండుతుంది.

టొరొంటో లక్ష్మి

ప్రసాద్ గారూ, మీరు కనీసం ఫైనల్ చూశారు.

మా లీఫ్స్ 2018 జులైలో జాన్ టవారెస్‌ని ఏడాదికి 11 మిలియన్లకు తెచ్చుకున్నారు. తర్వాత మాథ్యూస్, మార్నర్, నైలాండర్ ఒప్పందాలు. 81.5 మిలియన్ల క్యాప్‌లో దాదాపు సగం నలుగురు ఫార్వర్డ్స్‌కే పోయింది. దీని మీద జనం తిట్టనిది లేదు గానీ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఆ ఒప్పందాలు రాసేటప్పుడు క్యాప్ ఏటా పెరుగుతుందనే లెక్క. కోవిడ్‌తో లీగ్ ఆదాయం పడిపోయి మూడు సీజన్లు క్యాప్ అక్కడే నిలిచిపోయింది. పెరిగి ఉంటే ఆ నలుగురి వాటా తగ్గి, డిఫెన్స్‌కి డబ్బు మిగిలేది.

అయినా నాకు బాధ కలిగించేది వాళ్ళ జీతాలు కాదు, వాళ్ళ కోసం వదులుకున్నవాళ్ళు. నజేమ్ కద్రీని 2019లో కొలరాడోకి పంపారు. 2022 ఫైనల్లో విరిగిన బొటనవేలుతో తిరిగొచ్చి నాలుగో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కొట్టాడు. జాక్ హైమన్ 2021లో ఎడ్మంటన్ వెళ్ళాడు. 2023-24లో 54 గోల్స్! కార్టర్ వెర్హేగీని మొదట డ్రాఫ్ట్ చేసింది కూడా టొరొంటోనే. మా జెర్సీలో ఒక్క ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడకుండానే వెళ్ళిపోయి, ఫ్లోరిడాకి ప్లేఆఫ్స్‌లో ఓవర్‌టైమ్ గోల్స్ కొట్టే మనిషయ్యాడు.

స్టార్లను పెంచడం మావాళ్ళకి వచ్చు. ఎవరిని ఉంచుకోవాలో తెలియలేదు. 2025లో ఏడో మ్యాచ్‌లో సొంత మైదానంలో ఫ్లోరిడా చేతిలో 6-1తో ఓడాక మార్నర్ కూడా వేగస్ దారి పట్టాడు. 1967 తర్వాత ఇక్కడ కప్పు లేదు.

వరంగల్ కుర్రాడు

లక్ష్మి గారూ, అందరూ ఫ్లోరిడా పేరే చెప్తున్నారు. వాళ్ళు ఏం చేశారు మరి?

క్యాప్ లెక్కలు

ఇది విడమర్చి చెప్పాల్సిందే. ఈ తరంలో అందరూ చదువుకోవాల్సిన జట్టు ఫ్లోరిడాయే అని నా నమ్మకం.

పైన డ్రాఫ్ట్ పిక్స్ ఉన్నాయి. బార్కోవ్ 2013లో రెండో ఎంపిక, ఎక్‌బ్లాడ్ 2014లో మొదటి ఎంపిక. కానీ 2020 సెప్టెంబర్‌లో బిల్ జీటో జనరల్ మేనేజర్‌గా వచ్చేనాటికి వీళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు, జట్టు ఎక్కడికీ వెళ్ళలేదు. జీటో చుట్టూ ఎవరిని పేర్చాడో చూడండి.

వెర్హేగీ: టాంపా వదిలేస్తే ఏడాదికి మిలియన్‌కి తీసుకున్నాడు. మాంటూర్: బఫెలో నుంచి. శామ్ బెనెట్: కాల్గరీలో నాలుగో ఎంపికగా డ్రాఫ్ట్ అయ్యి, ఎదగలేదని పేరుపడ్డవాడు, 4.425 మిలియన్లు. శామ్ రైన్‌హార్ట్: బఫెలో నుంచే, 6.5 మిలియన్లు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది గుస్తావ్ ఫోర్స్‌లింగ్ కథ. 2021 జనవరిలో కరొలైనా వాళ్ళు అతన్ని వేవర్స్‌లో పెట్టారు. అంటే ఏ జట్టయినా ఒక్క కాగితం పంపి తీసుకోవచ్చు, బదులుగా ఏమీ ఇవ్వక్కర్లేదు. ఫ్లోరిడా తీసుకుంది. ఈరోజు అతను వాళ్ళ మొదటి జోడీ డిఫెన్స్‌మన్. 2024 ప్లేఆఫ్స్‌లో ఎదురుగా మెక్‌డేవిడ్ వచ్చినా వెనక్కి స్కేట్ చేస్తూ కర్రను సరిగ్గా పాస్ వెళ్ళే దారిలో పెట్టేవాడు. ఢీకొట్టడం, పడగొట్టడం ఉండదు. అతని పని కనిపించాలంటే పక్ వైపు కాకుండా అతని వైపే చూస్తూ కూర్చోవాలి.

ఇక అసలు తెగింపు 2022లో. ఆ సీజన్‌లో ఫ్లోరిడా 58 మ్యాచ్‌లు గెలిచి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. హ్యూబర్డో 115 పాయింట్లు (గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి) చేశాడు. రెండో రౌండ్‌లో టాంపా 4-0తో ఓడించింది. ఇంకొకరైతే ఇంకో ఏడాది చూద్దామనేవారు. జీటో అదే హ్యూబర్డోని, వీగర్‌ని, పైగా ఒక మొదటి రౌండ్ పిక్‌నీ కాల్గరీకి ఇచ్చి మాథ్యూ కచక్‌ని తెచ్చాడు. 24 ఏళ్ళవాడు, 9.5 మిలియన్లకు ఎనిమిదేళ్ళు. నెట్ ముందు నిలబడి దెబ్బలు తింటూ గోల్స్ కొట్టే రకం. కోచ్‌గా పాల్ మోరిస్ వచ్చాడు. తర్వాతి మూడు సీజన్లూ ఫైనలే, రెండు కప్పులు.

గెలుస్తున్న జట్టునే విప్పి ప్లేఆఫ్స్‌కి తగ్గట్టు మళ్ళీ కట్టాడు. డాలస్, టొరొంటో చేయలేనిది ఇదే.

బఫెలో వెంకట్

పై పోస్టులో మాంటూర్, రైన్‌హార్ట్ పేర్ల పక్కన మా ఊరి పేరుంది కదా, ఇంకో ఇద్దరిని కలపండి. ర్యాన్ ఓరైలీ: 2018లో సెయింట్ లూయిస్‌కి పంపాం, 2019లో కప్పు, కాన్ స్మైత్ కూడా. జాక్ ఐకెల్: 2021లో వేగస్‌కి, 2023లో కప్పు. 2024లో ప్రసాద్ గారి మనసు విరిచిన ఏడో మ్యాచ్ గెలుపు గోల్ రైన్‌హార్ట్‌దే.

కావాలని ఓడిపోయి డ్రాఫ్ట్‌లో పైకి రావాలనుకునేవాళ్ళు మా 2014-15 సీజన్ గుర్తుపెట్టుకోవాలి. మెక్‌డేవిడ్ కోసం అట్టడుగున ఉండాలని అందరి కోరిక. మార్చిలో అరిజోనా ఓవర్‌టైమ్‌లో మా మీద గోల్ కొడితే మా మైదానంలో మా అభిమానులే లేచి చప్పట్లు కొట్టారు. ఆ క్షణంలో మంచు మీద ఉన్న మా ఆటగాళ్ళ ముఖాలు చూసినవాడెవడూ అది మంచి పద్ధతి అనడు. చివరికి మొదటి ఎంపిక ఎవరిదో తేల్చే లాటరీ ఎడ్మంటన్‌కి తగిలింది, మాకు రెండో ఎంపికగా ఐకెల్ వచ్చాడు. 2011 తర్వాత వరుసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్ లేవు.

అంటే మేం ఎంచుకున్న ఆటగాళ్ళు మంచివాళ్ళే. ఓడిపోవడం అలవాటైన గదిలోకి 18 ఏళ్ళ పిల్లల్ని తోసి వాళ్ళే కాపాడాలనుకున్నాం. పక్కన నేర్పేవాళ్ళు లేరు. అదే పిల్లల్లో ఐకెల్ 26, రైన్‌హార్ట్ 28 ఏళ్ళకి వేరే ఊళ్ళో కప్పు ఎత్తారు.

గోలీమాస్క్

కొలరాడో సంగతి కూడా చూడండి వెంకట్ గారూ. 2016-17లో వాళ్ళకి 48 పాయింట్లే, లీగ్‌లో చిట్టచివర. లాటరీలో నాలుగో స్థానానికి జారిపోయారు. ఆ నాలుగో ఎంపికే కేల్ మకార్! మొదటి ఎంపిక రాకపోవడం వాళ్ళ అదృష్టమైంది. దానికి తోడు మెకినాన్ ఏడేళ్ళపాటు 6.3 మిలియన్లకే ఆడాడు. ఆ ధరకి అంతటి సెంటర్ ఉంటే ఎవరైనా జట్టు కట్టగలరు.

నా ప్రశ్న వేరే. గోలీకి ఎంత ఇవ్వాలి? ఫ్లోరిడాలో బొబ్రోవ్‌స్కీకి 10 మిలియన్లు ఇచ్చారు. కానీ 2023లో వేగస్‌ని గెలిపించింది ఏడిన్ హిల్, మొదట్లో అతను నంబర్ వన్ కూడా కాదు. 2019లో సెయింట్ లూయిస్ జనవరి మొదట్లో లీగ్‌లో ఆఖరున ఉంది. బినింగ్టన్ అనే కొత్త గోలీ వచ్చి కప్పుదాకా తీసుకెళ్ళాడు. గోలీల ఆట ఏడాదికి ఏడాదికీ మారిపోతుంది. ముందు డిఫెన్స్‌కి ఖర్చుపెట్టాలి, గోలీకి తర్వాత.

టాంపా రాజు

వాసిలెవ్‌స్కీ ఆట చూసినవాడిగా నేను ఒప్పుకోను గోలీమాస్క్ గారూ. రెండు కప్పుల్లోనూ ఫైనల్ సిరీస్ ముగించే ఆఖరి మ్యాచ్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు ఆయన. అలాంటివాడు ఉంటే జట్టు మొత్తం ధైర్యంగా ముందుకెళ్తుంది.

ఎడ్మంటన్ ప్రసాద్

ఒక విషయం ఎవరూ ఎత్తడం లేదు. ఫ్లోరిడా, టెక్సస్, నెవాడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అదే జీతానికి ఆటగాడి చేతికి ఎక్కువ మిగులుతుంది కాబట్టి తక్కువకే సంతకం పెడతాడు. 2025 వేసవిలో బెనెట్, ఎక్‌బ్లాడ్, మార్షాండ్ ముగ్గురూ ఫ్లోరిడాలోనే ఉండిపోయారు. మార్షాండ్‌కి 5.25 మిలియన్లు, బయట అడిగితే ఇంకా వచ్చేది. కెనడా జట్టుకి ఇది సాధ్యమా?

క్యాప్ లెక్కలు

పన్ను ప్రభావం లేదని అనను. కానీ ఫ్లోరిడాలో పన్ను ఎప్పుడూ లేదు. అయినా 1996 తర్వాత 2022 దాకా ఆ జట్టు ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. టెనెసీలో జీతాల మీద పన్ను లేదు, నాష్‌విల్‌కి ఇప్పటిదాకా కప్పు లేదు. పన్ను వల్ల వచ్చే లాభం ముందు మంచి జట్టు ఉంటేనే పనికొస్తుంది. మీ మెక్‌డేవిడే చూడండి, ఎంత అడిగినా ఇచ్చేవాళ్ళున్నా 12.5 మిలియన్లకే ఇంకో రెండేళ్ళు సంతకం పెట్టాడు. గెలిపించండి, మీ కోసం తగ్గాను అని యాజమాన్యానికి చెప్పడమే అది.

నిజంగా అన్యాయం అనాల్సింది గాయాల జాబితా లొసుగుని. 2020-21లో కుచెరోవ్ తుంటి ఆపరేషన్ వల్ల సీజన్ మొత్తం ఆడలేదు, అతని జీతం మేరకు టాంపాకి వెసులుబాటు దొరికింది. ప్లేఆఫ్స్‌కి క్యాప్ లేదు కాబట్టి మొదటి మ్యాచ్‌కే దిగి, ఆ ప్లేఆఫ్స్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేశాడు. 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లోనూ మంచు మీదకి దిగే 20 మంది క్యాప్‌కి లోబడాలి. ఇది రావాల్సిన మార్పే.

టొరొంటో లక్ష్మి

వేగస్ గురించి ఎవరూ రాయలేదు. 2017లో పుట్టిన జట్టు 2023లో కప్పు గెలిచింది. మొదటి డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో ముగ్గురిని ఎంచుకుంది: గ్లాస్, సుజుకి, బ్రాన్‌స్ట్రామ్. ముగ్గురినీ ట్రేడ్‌లలో ఖర్చుపెట్టేసింది. బ్రాన్‌స్ట్రామ్‌ని ఇస్తే మార్క్ స్టోన్ వచ్చాడు. మెడ ఆపరేషన్ విషయంలో జట్టుతో తగువులో ఉన్న ఐకెల్‌ని, అతను కోరిన ఆపరేషన్‌కి ఒప్పుకుని తెచ్చుకుంది. మిగతా జట్లు వదిలేసిన మార్షెసో, కార్ల్‌సన్, స్మిత్ ఆరేళ్ళు కలిసి ఆడారు. అందులో మార్షెసో, స్మిత్ ఇద్దరినీ వదిలేసింది అప్పటి ఫ్లోరిడా!

అభిమానుల ప్రేమ పొందిన ఫ్లూరీని కూడా ఉత్తమ గోలీకిచ్చే వెజీనా ట్రోఫీ గెలిచిన వేసవిలోనే పంపించేశారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. జట్టంటే కొంత కృతజ్ఞత ఉండాలి. కానీ కప్పు వాళ్ళు గెలిచారు.

ఫ్రిస్కో శ్రీను

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ చదివాక మా జట్టును మళ్ళీ చూశాను.

2025 కాన్ఫరెన్స్ ఫైనల్లో మొదటి మ్యాచ్ 6-3తో గెలిచాం. తర్వాతి నాలుగూ ఓడాం, ఆ నాలుగింట్లో కలిపి మేం కొట్టినవి ఐదు గోల్స్. చివరి మ్యాచ్‌లో మొదటి రెండు షాట్లకే రెండు గోల్స్ పడగానే కోచ్ ఆటింజర్‌ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. అందరూ దాని గురించే మాట్లాడారు, కోచ్ ఉద్యోగం కూడా పోయింది. కానీ గోల్స్ కొట్టలేకపోవడం గోలీ తప్పు కాదు కదా. రాంటనెన్ కోసం మేం ఇచ్చినవాటిలో రెండు మొదటి రౌండ్ పిక్స్‌తో పాటు లోగన్ స్టాన్‌కోవెన్ ఉన్నాడు. మిలియన్ కంటే తక్కువ జీతానికి మూడో లైన్‌లో పరుగులు పెట్టే కుర్రాడు. రాజు గారు చెప్పిన కోల్‌మన్ లాంటివాడినే మేం వదిలేశాం.

2025-26లో జీతాలు మిలియన్లలో: రాంటనెన్ 12, సెగిన్ 9.85, హైస్కనెన్ 8.45, హింట్జ్ 8.45, జాన్‌స్టన్ 8.4, ఆటింజర్ 8.25, రాబర్ట్‌సన్ 7.75. ఏడుగురికే 63 మిలియన్లు. 2026-27 నుంచి డిఫెన్స్‌మన్ హార్లీకి 10 మిలియన్లు దాటుతుంది. 2026 వేసవిలో రాబర్ట్‌సన్ ఒప్పందం ముగుస్తుంది. ఉంచుకోవాలా, అమ్మాలా?

క్యాప్ లెక్కలు

2026-27లో క్యాప్ 104 మిలియన్లు, ఆ తర్వాత 113.5. సెగిన్ ఒప్పందం 2027లో ముగుస్తుంది. ఒక్క ఏడాది ఇబ్బంది పడితే రాబర్ట్‌సన్‌ని ఉంచుకోవచ్చు. 40 గోల్స్ కొట్టేవాడిని అమ్మితే మళ్ళీ దొరకడు.

టాంపా రాజు

నేనైతే అమ్ముతాను శ్రీను గారూ. పిక్స్ కోసం కాదు. జీతం తక్కువగా ఉండి, ఒప్పందంలో ఇంకా రెండు మూడేళ్ళు మిగిలి ఉన్న మూడో లైన్ సెంటర్, రెండో జోడీ డిఫెన్స్‌మన్ ఇద్దరూ వస్తేనే. అలాంటి బేరం కుదరకపోతే ముట్టుకోవద్దు, ఉంచుకోండి.